గుమ్మం మీద రిజిస్టరు

పర్లాకిమిడిలో మా వృద్ధుల హోము,
భోజనాల గది గుమ్మం, ఎడమ చెక్క మీద
పెన్సిలు గీతలున్నాయి.
పిల్లలున్న ఇళ్లలో అవి పైకి పాకుతాయి.
ఇక్కడ కిందికి.

మొదటి గీత దాలమ్మది.
పడలేదామె.
"నానేటి పడ్డానేటమ్మా?
వొంగి చెంబెత్తినాను, అంతే.
నడుంలో పుల్ల ఇరిగినట్టయింది."
గ్యాసన్నారు. చలిగాలన్నారు.
వారం రోజులు నూనె వెచ్చబెట్టి
నేనే రాశాను, గట్టిగా, ఈ చేతులతోనే.

చీర కుచ్చిళ్లు నేల ఊడుస్తుంటే అనుమానమొచ్చింది.
నిరుడు అదే చీర మడమల పైన ఉండేది.
గుమ్మానికి ఆనించి నిలబెట్టి
తల మీద అట్ట పెట్టి గీశాను.
చేరిన నాటి కాగితం తీశాను.
నాలుగు వేళ్ల తేడా.
నాలుగు వేళ్ల దాలమ్మ ఎటు పోయినట్టు?

పాణిగ్రాహి డాక్టరు
ఎక్స్‌రేని కిటికీ వెలుగుకి పట్టుకున్నాడు.
పచ్చి వడియాన్ని వేలితో అదిమినట్టు
అణిగిపోయిన పూస.
"ఇది ఈ మధ్యది," అన్నాడు. కొంచెం పైకి జరిగి,
"ఇది పాతది."
ఆ పాత నొప్పి రోజున
దాలమ్మ మా అందరికీ తోటకూర ఏరి ఉంటుంది.

స్కాను మిషను బరంపురంలో.
మూడు గంటల పైన వానులో.
ఎముక కొలవడానికి పోయే దారి
ఎముక విరిచేలా ఉంది.
"విరిగిన పూసకంటే రుజువేం కావాలి?
రక్తం చూద్దాం ముందు, కాల్షియం, కిడ్నీ, డి విటమిను.
తర్వాత మందు."
మిగతావాళ్లనూ నిలబెట్టమన్నాడు గుమ్మానికి.

బృందావన మహారణా నవ్వాడు అట్ట కింద నిలబడి.
నలభై ఏళ్లు గేదె కొమ్ముతో కొంగలూ రొయ్యలూ చేసిన మనిషి.
"కొమ్ములోపలి ఎముకని పెరట్లో పారేసేవాళ్లం సిస్టర్,
పైడొప్పే మాకు పనికొచ్చేది.
ఇప్పుడు నన్ను నిలబెట్టి
ఎముక లెక్క అడుగుతున్నావా?"

సుంబారి గొమాంగో నిలబడలేదు.
సెరంగో కొండల్లో కట్టెల మోపులు దించిన తల అది,
అట్ట పెట్టనిస్తుందా.
నేనూ బతిమాలలేదు.
చకచకా నడిచే మనిషి కదా అనుకున్నాను.

మంగళవారం మాత్ర రోజు.
పరగడుపున, గ్లాసుడు నీళ్లతో,
ఆపైన అరగంట ఒరగకూడదు, టీ అడగకూడదు.
"టీ ఇయ్యకుండా మందేటే, నీ జిమ్మడ!"
వరండాలో వరసగా కుర్చీలు,
నిటారుగా తొమ్మిది మంది,
రైలు కోసం కూర్చున్నట్టు.
సగం ఒడియా, సగం తెలుగు తిట్లు,
పొద్దు పొడుస్తుంటే మోకాళ్ల దాకా ఎండ.
అరగంట కాగానే చోడంబలి.

వరండాలో గోనెపట్టాలు తీయించాను.
జారే చెప్పులు మార్పించాను.
నిద్రమాత్రలు తగ్గించమని డాక్టరుతో పోట్లాడాను.
బాత్‌రూము బల్బు పోయింది.
సామాన్ల పుస్తకంలో రాశాను: బల్బు, ఒకటి.
రాస్తే పనయిపోయినట్టే అనుకునే జబ్బు నాకుంది.
మూడో రాత్రి, వాన,
లోపల ఏదో ఎండుకొమ్మ విరిగిన చప్పుడు.
సుంబారి అరవలేదు.
తడినేల మీద పడుకొని
నావైపు చూసి తన భాషలో ఏదో అంది.
ఆ భాష నాకు రాదు.

తుంటి. బరంపురం. ఆపరేషను.
పద్దెనిమిదో రోజున
ఆమె దుప్పటి ఒక్కటే తిరిగొచ్చింది, మడతపెట్టి.

ఇప్పుడు బాత్‌రూములో రెండు బల్బులు.
పగలు కూడా ఒకటి వెలిగే ఉంటుంది.
మేనేజరు కరెంటు బిల్లు చూపిస్తాడు.
నేను చూడను.

మొన్న సున్నాలకు వచ్చిన కుర్రాడు
గుమ్మం మీద బ్రష్షు పెట్టబోతే ఆపాను.
"మురికిగా ఉంది కదా అమ్మా?"
మురికి కాదు నాయనా, రిజిస్టరు.
వాడు వంగి చూశాడు.
ఏడాది కిందటి దాలమ్మ గీత,
నిన్న గీసిన గీత,
ఒకదాని మీద ఒకటి పడి
కాస్త లావుగా కనిపిస్తున్నాయి.
"ఇదేటి, రెండుసార్లు గీసేసినావు?"
అంటోంది వెనకనించి దాలమ్మ,
"ఒక్కటి చెరిపీ."